చేతి తరిమెన



ఛందస్సునో సంధులనో ఆశించి ఈ పుట తెరిచినవారు నన్ను మన్నించాలి. ఈసారి నేను రాయబోయేది ఒక పనిముట్టును గురించి. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు సమాసాలూ విభక్తులూ చెప్పి, 2019లో పదవీ విరమణ చేసి, ఇంటిపట్టున కూర్చున్న తెలుగు పండితుడికి కరెంటు పనిముట్ల గోల ఏమిటని మా శ్రీమతి అడిగింది. మీరూ అడగవచ్చు. ఒక్క మాటలో తేల్చలేని సమాధానం కనుకనే ఇంత రాయవలసి వచ్చింది.

మాది శాంతిపురం. కుప్పం ప్రాంతపు పల్లెసీమ. కాస్త అటు జరిగితే తమిళనాడు, కాస్త ఇటు జరిగితే కర్ణాటక. నేను పనిచేసిన బళ్ళలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు, కన్నడం మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే బల్ల మీద కూర్చునేవారు. వీధి తెలుగు అందరికీ వచ్చు. అక్షరం దగ్గరికి వచ్చేసరికే చిక్కు. 'మ'కూ 'య'కూ, 'ప'కూ 'వ'కూ, 'ద'కూ 'ధ'కూ 'థ'కూ తేడా కొందరి కంటికి ఎంతకూ ఆనేది కాదు. ఆరో తరగతికి వచ్చి కూడా అక్షరాలు కూడబలుక్కునే పిల్లలను ముందర పెట్టుకొని పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం ఎంత హాస్యాస్పదమో ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

దానికి నేనొక ఉపాయం పట్టాను. జానెడు చెక్కల మీద ఒక్కొక్క అక్షరాన్ని ఉలితో గాడిగా చెక్కి పిల్లల చేతికిచ్చేవాడిని. పిల్లవాడు చూపుడువేలు ఆ గాడిలో పెట్టి అక్షరం మొదలైన చోటు నుంచి ముగిసిన చోటు వరకు నడిపించాలి. కంటికి ఆనని తేడా వేలికి ఆనేది.

ఈ ఉపాయం ఏ శిక్షణలోనూ నేర్చినది కాదు. మా అమ్మ దగ్గర చూసినది. ఆమెకు చదువు రాదు. పెళ్ళిళ్ళలో ఊరివాళ్ళ పాత్రలన్నీ ఒకచోట కుప్పపడినప్పుడు తన ఇత్తడి బిందెను పోల్చుకోవడానికి దాని మెడ మీద వేలు పెట్టి తడిమేది. అక్కడ మా నాయన పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. చీకట్లో కూడా, దీపం అడగకుండా, "ఇదే మనది" అని ఎత్తుకొనేది. అది చదవడం కాదని అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

అలా ఏళ్ళ తరబడి చెక్కిన 56 అక్షరాల చెక్కలనూ పదవీ విరమణ నాడు ఒక పెట్టెలో సర్ది వెనుక గదిలో పెట్టాను. మూడేళ్ళ తరువాత తెరిచి చూస్తే చెదలు. పైన ఉన్న నాలుగైదు తప్ప తక్కినవన్నీ పట్టుకుంటే పొడి అయినాయి. పోనీలే, ఇక బడి లేదు, పిల్లలు లేరు అనుకొన్నాను. ఆ ఏడు వేసవికి బెంగుళూరు నుంచి మనవరాలు వచ్చింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. గోడ మీది క్యాలెండరులో "ఏప్రిల్" అని చదవమంటే బొమ్మను చూసినట్లు చూసి ఊరుకొన్నది. తెలుగు పండితుడి మనవరాలికి తెలుగు అక్షరం రాదు! ఎవరిని తప్పుపట్టగలను? మళ్ళీ చెక్కుదామని ఉలి తీశాను.

అప్పుడు తెలిసింది, పోయినవి చెక్కలు మాత్రమే కాదని.

నా కుడిచెయ్యి కొంతకాలంగా వణుకుతూ ఉంది. కాఫీ లోటా పట్టుకొన్నప్పుడు, సంతకం చేసేటప్పుడు. వైద్యుడు పరీక్షించి, ఊరికే ఉన్నప్పుడు వణికే రకం కాదు, పనిలోకి దిగినప్పుడు వణికే రకమన్నాడు. ఎసెన్షియల్ ట్రెమర్ అని పేరు చెప్పాడు. ప్రాణభయం లేదు, పూర్తిగా పోయేదీ కాదు. మోచెయ్యి దేనికైనా ఆనించి పని చేసుకోమన్నాడు. ఆ మాటను ఆనాడు చెవిన వేసుకోలేదు. 'అ' చెక్కడం మొదలుపెట్టి, మొదటి వంపు దగ్గరే ఉలి జారి ఎడమచేతి బొటనవేలి మొదట్లో దిగింది. మూడు కుట్లు. మా శ్రీమతి ఉలులన్నీ మూటగట్టి అటక మీద పడేసింది.

మా ఊళ్ళో ఒక ఆచారి గారు ఉన్నారు. నా ఈడువారే. తలుపులు, మంచాలు చేసిన చెయ్యి. కట్టు చూసి, సంగతి విని ఇలా అన్నారు:

"అయివారా, ఉలికి చెయ్యి నిలకడగా ఉండాల. ఉలి బలం మీద నడుస్తాది. బలం పెట్టినప్పుడే కదా చెయ్యి ఒణికేది. మీరింక రోటరీ మిషను పట్టుకోండి. అది తనకు తానే తిరుగుతాది. మీరు ఊరికే దారి చూపిస్తే చాలు."

ఆ రోటరీ మిషనును గురించే ఈ టపా.

మొదట పేరు సంగతి. కొత్త వస్తువు కనబడితే దానికి తెలుగు పేరు పెట్టకపోతే పండితుడికి నిద్ర పట్టదు కదా! మనకు 'తరిమెన' అనే చక్కని మాట ఉన్నది. కొయ్యను గిరగిర తిప్పి నునుపుగా చెక్కే సాధనం. తరిమెన పట్టడం అంటే ఆ పని చేయడం. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే పద్ధతి అదే. నేను దీనికి 'చేతి తరిమెన' అని నామకరణం చేసి ఆచారి గారికి సగర్వంగా విన్నవించాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, "తరిమెనలో కట్టె తిరుగుతాది, ఉలి నిలబడుతాది. దీంట్లో కట్టె నిలబడుతాది, మొన తిరుగుతాది. రెండూ ఒకటెట్లా అవుతాయి అయివారా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. పేరు తప్పే. అయినా వదులుకోబుద్ధి కాక ఈ టపాకు శీర్షికగా పెట్టుకొన్నాను. ఇకమీదట అందరూ అనే 'రోటరీ' అనే మాటనే వాడతాను.

ఆలోచిస్తే ఈ పనిముట్టుకు దగ్గరి చుట్టం వడ్రంగి చేతిలో కాక, పళ్ళ డాక్టరు చేతిలో ఉన్నది. 1871లో అమెరికాలో మోరిసన్ అనే దంతవైద్యుడు కాలితో తొక్కి తిప్పే పళ్ళ యంత్రానికి హక్కులు పొందాడు. కుట్టుమిషను తొక్కినట్లు తొక్కితే చిన్న మొన గిరగిర తిరిగేది. ఇక చేతిలో ఇమిడే కరెంటు రోటరీని ఇంటింటికీ తెలిపినవాడు ఆస్ట్రియా నుంచి అమెరికా వలసపోయిన ఆల్బర్ట్ డ్రెమెల్. ఆయన 1932లో విస్కాన్సిన్ రాష్ట్రపు రసీన్ పట్టణంలో కంపెనీ పెట్టాడు. 1993లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ దానిని కొనుక్కొన్నది. వనస్పతికి డాల్డా అన్నట్లు ఈ జాతి పనిముట్లన్నిటినీ డ్రెమెల్ అనేవారు లోకమంతటా ఉన్నారు.

ఇక నా కొనుగోలు కథ. మొదటిసారి నేను చేసింది శుద్ధ తెలివితక్కువ పని. ఇంటికి తెప్పించుకొనే అంగడిలో, తక్కువ వెలకు, నూటికి పైగా మొనలతో, అందమైన పెట్టెలో అమరిన ఒక రోటరీ చూసి మురిసిపోయాను. వాటు ఎక్కువ, చుట్లు ఎక్కువ, మొనలు ఎక్కువ, వెల తక్కువ. ఇంకేం కావాలి? నిఘంటువును పేజీల లెక్కన కొనేవాడిని నేనే నవ్వి ఉండేవాడిని. ఇక్కడ మాత్రం అదే చేశాను. వచ్చిన వారంలోపలే దాని గుణం బయటపడింది. మొనను బిగించే భాగం పట్టు నిలవదు. తిరుగుతూ తిరుగుతూ మొన ముందుకు జారుతుంది. వజ్రపు పొడి పూత అన్న మొనల మీది పూత రెండు నిమిషాల్లో ఊడింది. అన్నింటినీ మించి మొన గింగిర్లు తిరిగేది. నా చేతికి తోడు అదీ వణికితే ఇక అక్షరం ఏమి కుదురుతుంది? ఒక్క 'ర' చెక్కబోతే గొంగళిపురుగు పాకినట్లు వచ్చింది.

ఆ పెట్టెను ఆచారి గారికి చూపించాను. ఆయన మొనలన్నీ ఒకసారి తిరగేసి, "పెండ్లికి పోతా పోతా ఊరందరి చెప్పులు తెచ్చినట్లుండాది. మీరు చేసే పనేంది? ముందర అది చెప్పండి" అన్నారు. ఆ ప్రశ్నను నేను కొనడానికి ముందు వేసుకోవలసింది. నా పని: మెత్తని చెక్క మీద, వేలు పట్టేంత వెడల్పుగా, రెండు మూడు మిల్లీమీటర్ల లోతున వంపు గాడి. అంతే. దానికి ఏమి కావాలో ఆలోచిస్తే తక్కిన వన్నీ తమంతట తామే తొలగిపోతాయి.

రెండోసారి తొందరపడలేదు. కుప్పంలో బండి ఎక్కి బెంగుళూరు పోయి, మా అబ్బాయిని వెంటబెట్టుకొని ఎస్.పి. రోడ్డు అంగళ్ళలో ఒక పూటంతా తిరిగాను. అక్కడ చూసి, పట్టి, అడిగి తెలుసుకొన్నవి కొనదలచినవారికి పనికివస్తాయని రాస్తున్నాను.

ఒకటి, రోటరీ వేరు, డ్రిల్లు వేరు, యాంగిల్ గ్రైండరు వేరు. ఇళ్ళలో వాడే డ్రిల్లు సాధారణంగా నిమిషానికి 3,000 చుట్లకు లోపలే తిరుగుతుంది. కాని తిప్పే బలం ఎక్కువ. గోడకు బెజ్జం వేయాలంటే అదే కావాలి. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతూ ఇనుమునూ రాతినీ కోస్తుంది. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. రోటరీకి వేగమే గాని బలం లేదు. మంచి రకాలు నిమిషానికి 5,000 చుట్ల నుంచి 35,000 చుట్ల దాకా తిరుగుతాయి. వాటి వాడకం 130 నుంచి 175 వాట్ల దాకా ఉంటుంది. గోడకు మేకు బెజ్జం వేయడానికి రోటరీ కొనుక్కొని, పనికిరాలేదని తిట్టేవారిని ఆ అంగట్లోనే చూశాను.

రెండు, పైవేగం కంటే కిందివేగం ముఖ్యం. 35,000 చుట్లు అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. అడగవలసింది ఎంత నెమ్మదిగా తిరగగలదని. ప్లాస్టిక్కును వేగంగా చెక్కితే కరిగి మొనకు అంటుకొంటుంది. తీగ కుంచెలకు 15,000 చుట్లు మించకూడదు. మించితే తీగలు ఊడి సూదుల వలె ఎగురుతాయి. వేగాన్ని చక్రం తిప్పి మెల్లగా పెంచుకొనే ఏర్పాటు ఉండాలి. రెండే వేగాలున్నవి నాకు నచ్చలేదు.

మూడు, మొనను పట్టుకొనే భాగం. దీన్ని కొలెట్ అంటారు. ఎక్కువ మొనల కాడ లావు 3.2 మిల్లీమీటర్లు. కంసాలులూ, పళ్ళ డాక్టర్లూ వాడే సన్నపు మొనల కాడ 2.35 మిల్లీమీటర్లు. రెండు కొలతల కొలెట్లూ దొరికే యంత్రమైతే మొనలకు కరువుండదు. కొనేముందు ఒక మొనను బిగించి, తక్కువ వేగంలో తిప్పించి, దాని కొస వైపు పక్కనుంచి చూడాలి. ఒకే గీతగా కనబడితే మంచిది. మసకగా, లావుగా కనబడితే అది గింగిర్లు తిరుగుతున్నట్లే. అంగడివాడు ఎన్ని కథలు చెప్పినా దాన్ని పెట్టి రావడమే మేలు.

నాలుగు, లోపలి కార్బన్ బ్రష్షులు. ఇవి అరిగేవి. బయటి మరతీసి మనమే మార్చుకొనే వీలున్నదా, అవి విడిగా దొరుకుతాయా అని అడగాలి. లేకపోతే పది రూపాయల వస్తువు కోసం యంత్రాన్నే పారవేయవలసి వస్తుంది.

అయిదు, తీగతోనా, బ్యాటరీతోనా? బ్యాటరీది తేలిక, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. పెట్టెల తాళాలకో, సైకిలు పనికో అదే హాయి. గంటల తరబడి ఒకేచోట కూర్చొని చెక్కేవాడికి తీగది మేలనిపించింది. ఛార్జి అయిపోయిందని అక్షరం మధ్యలో ఆగనక్కరలేదు.

ఇక ఆరోది. నావంటి వారికి ఇదే అసలైనది. యంత్రం బరువు అరకిలో పైబడి ఉంటుంది. దాన్ని కలం పట్టినట్లు పట్టుకొని అరగంట చెక్కితే ఎవరి చెయ్యైనా వణుకుతుంది. నా సంగతి చెప్పాలా? దీనికి ఫ్లెక్సిబుల్ షాఫ్టు అనే గొట్టపుతీగ ఉన్నది. సుమారు మీటరు పొడుగు. ఒక కొస యంత్రానికి, మరొక కొసన వేలెడు లావు పిడి. యంత్రాన్ని పైన కొక్కేనికి వేలాడదీస్తే బరువంతా కొక్కెం మోస్తుంది. చేతిలో పిడి మాత్రమే ఉంటుంది. అంగట్లో దాన్ని పట్టుకొని చూశాను. మోచెయ్యి బల్ల మీద ఆనించి, మణికట్టు చెక్క మీద ఆనించి పట్టుకొంటే, వైద్యుడు చెప్పిన మాట అప్పుడు బోధపడింది. వణుకు పోలేదు. మొన దాకా రావడం తగ్గింది.

అది అమరే యంత్రమే కొన్నాను. తెచ్చి మా వసారాలో ఉయ్యాల కొక్కేనికి వేలాడదీశాను. మా అబ్బాయి ఊగిన ఉయ్యాల కొక్కెం అది. ఆ తీగను మరీ మెలిపెట్టి వంచకూడదు, వంచితే లోపలి కమ్మి వేడెక్కి తెగుతుంది. అప్పుడప్పుడు లోపల గ్రీజు పెట్టాలి.

మొనల విషయంలో ఒక్క మాట. నూటికి పైగా ఉన్న ఆ మొదటి పెట్టె ఇప్పటికీ ఉన్నది. నేను నిజంగా వాడేవి నాలుగు. చెక్కకు గుండ్రటి టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఒకటి, సన్ననిది ఒకటి, గాడి అంచులు నునుపు చేయడానికి గరుకుకాగితం చుట్టిన చిన్న డోలు, గాజుకూ స్టీలుకూ వజ్రపు మొన. ఈ చివరిదాని వల్ల నాకొక కొత్త ఉద్యోగం వచ్చింది. వీధిలోని ఆడవాళ్ళు స్టీలు గిన్నెలు తెచ్చి, "అయివారా, పేరు కొట్టియ్యండి" అంటారు. మొదట చెక్కింది మా అమ్మ పేరు. ఆ పాత ఇత్తడి బిందె మీదనే, నాయన పేరు పక్కన. ఆమె బ్రతికుండగా ఆ బిందె మీద ఆమె పేరు లేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఇక జాగ్రత్తలు. ఇవి పెద్దరికంతో చెబుతున్నవి కావు, భయపడి నేర్చుకొన్నవి. పంచె కట్టుకొని, భుజాన కండువా వేసుకొనే మావంటివారు యంత్రం ముట్టుకొనే ముందు కండువా తీసి పక్కన పెట్టాలి. తిరిగే మొనకు గుడ్డ చిక్కితే అది వదలదు. వదులుగా ఉండే చేతి తొడుగులూ అంతే. కోతకు వాడే పలుచని బిళ్ళలు అప్పడాల వంటివి. పక్కకు ఒత్తితే విరిగి ఎగురుతాయి. అలా విరిగిన ముక్క ఒకటి నా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. మామూలు కళ్ళజోడు చాలదు, దాని మీద పక్కలు కూడా మూసే అద్దాలు పెట్టుకోవాలి. మొన మార్చేటప్పుడు మీట ఆర్పడమే కాదు, ప్లగ్గు పీకాలి.

అన్నిటికంటే పెద్ద మాట దుమ్ము. మా కుప్పం ప్రాంతం గ్రానైటుకు పేరు పొందినది. నా పాత శిష్యుడొకడు రాళ్ళు నునుపు చేసే చోట పనిచేస్తాడు. నా పని చూసి ముచ్చటపడి, ఒక నల్లరాతి పలక తెచ్చి, ఇంటి పేరు చెక్కి ఇమ్మని అడిగాడు. వాడు అడిగితే కాదనలేను. కాని కాదన్నాను. గ్రానైటులో క్వార్ట్జ్ ఉంటుంది. పొడిగా చెక్కితే లేచే దుమ్ములో కంటికి కనబడని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతాయి. దానివల్ల వచ్చే సిలికోసిస్ అనే జబ్బుకు నయం చేసే మందు లేదు. నీళ్ళు చల్లుకుంటూ చెక్కితే దుమ్ము చాలావరకు లేవదు; కాని కరెంటు పనిముట్టు పక్కన నీళ్ళు మరొక ప్రమాదం. వాడికి ఆ సంగతే చెప్పి, "నువ్వు పనిలో ముక్కుకు ఏమి కట్టుకుంటున్నావురా?" అని అడిగాను. "తువ్వాలు సార్" అన్నాడు. తువ్వాలు చాలదు. నా దగ్గరున్న ఎన్-95 మాస్కుల పెట్టె ఇచ్చి పంపాను. అవి అయిపోయిన తరువాత కొనుక్కొంటాడో లేదో నాకు తెలియదు. వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. చెక్క దుమ్ముకు సైతం నేను మాస్కు లేకుండా కూర్చోను.

ఇక అక్షరాల సంగతికి వస్తాను. ఆచారి గారు ఒక పాత పనస పలక ఇచ్చారు. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దులో తొలుస్తారు కదా, ఆ జాతి చెక్క. ఉలితో చెక్కేటప్పుడు చెక్క పీచు ఎటు పోతే గాడి అటు చీలుతుంది. నిలువు గీతలకు ఫరవాలేదు గాని మన అక్షరాల్లో నిలువు గీతలెక్కడివి? తాటాకు మీద గంటంతో తిన్నని గీతలు గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రనైనాయని పెద్దలు చెబుతారు. ఆ గుండ్రదనమే ఉలికి శత్రువు. తిరిగే మొనకు పీచుతో పట్టింపు తక్కువ. ఏ దిక్కుకు తిప్పినా దాదాపు ఒకే విధంగా తింటుంది. చక్రం వలె తిరిగే మొన, చక్రం వంటి అక్షరం. పండితుడి బుద్ధికి ఇంతకంటే తృప్తి ఏముంటుంది?

తృప్తి తొందరగానే దిగింది. సులభమని మొదట సున్న చెక్కాను. అన్నింటిలోకి కష్టం సున్నయే! 'అ'లో చిన్న తప్పు వంపులో కలిసిపోతుంది. సున్నలో దాగడానికి చోటు లేదు. పైగా గట్టిగా ఒత్తాను. చెక్క కమిలి, మాడిన వాసన వచ్చి, మొన పరుగెత్తింది. ఉలి అలవాటు. ముప్పై ఏళ్ళు బలం పెట్టిన చేతికి, బలం పెట్టకుండా ఉండడం నేర్పవలసి వచ్చింది. ఆచారి గారు పక్కన కూర్చొని, "ఒత్తద్దు, ఒత్తద్దు... పసిబిడ్డ తల నిమిరినట్లు" అంటూ ఉండేవారు. ఒక్కసారే లోతుకు పోకుండా, మిల్లీమీటరు చొప్పున మూడుసార్లు అదే దారిన నడవాలి. అంచు చెక్కేటప్పుడు మొన తిరిగే దిక్కుకు ఎదురుగా జరపాలి. దానితో పాటు జరిపితే అది మనల్ని లాక్కుపోతుంది. పది నిమిషాలకొకసారి ఆపి చేతికి విశ్రాంతి ఇవ్వాలి. పది సున్నలు పోయిన తరువాత పదకొండోది సున్న అనిపించుకొన్నది. పిల్లల చేత సున్నలు దిద్దించిన పాపం ఇలా తీరిందనుకొన్నాను.

నేనిలా కుస్తీపడుతుంటే మా అబ్బాయి ఒకనాడు అన్నాడు: "నాయనా, అంత కష్టమెందుకు? బెంగుళూరులో లేజరుతో గంటలో 56 అక్షరాలూ కోసి ఇస్తారు." అనడమే కాదు, ఒక పలక చేయించి తెచ్చాడు. బాగుంది. నిజం చెప్పాలి, నాదానికంటే బాగుంది. ఒక్క వంకర లేదు. గాడి లోతు కొంచెం తక్కువ, అంతే. అడిగితే అదీ సరిచేసి ఇస్తారట. మనవరాలికి అక్షరాలు రావడమే ప్రయోజనమైతే అక్కడితో నా పని అయిపోయినట్లే. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆఖరుకు నాతో నేను ఒప్పుకొన్నది ఇది: ఈ అక్షరాల అవసరం ఆ పిల్లకు ఎంత ఉన్నదో నా చేతికీ అంతే ఉన్నది. ఈ చెయ్యి ఇక దేనికీ పనికిరాదని ఉలి జారిన రోజున నేను లోలోపల అనుకొన్నాను. ఎవరికీ చెప్పలేదు. యంత్రం కొనడానికి బెంగుళూరు దాకా పోయింది ఆ మాట అబద్ధమో నిజమో తేల్చుకోవడానికే. అబ్బాయికి ఇదంతా చెప్పలేక, "నీ పలక కూడా ఉండనీరా, రెండూ వాడుకొంటుంది" అన్నాను.

ఈ వేసవి సెలవులకు మనవరాలు వచ్చేనాటికి అచ్చులు, హల్లుల్లో 'త' దాకా పూర్తి అయినాయి. ఉన్నవాటితోనే ఆట మొదలుపెట్టాం. కళ్ళు మూసుకోవాలి. నేనొక చెక్క చేతికిస్తాను. వేలితో తడిమి పేరు చెప్పాలి. నాలుగు రోజుల్లో 'ఉ'నూ 'ఊ'నూ, 'ఎ'నూ 'ఏ'నూ వేరుచేసింది. 'క', 'ణ' అని ఒక్కొక్కటే తడుముకుంటూ పోతుంటే నా పాత తరగతి గది గుర్తుకు వచ్చింది. అయిదోనాడు 'అ' ఇచ్చాను. వేలు ఇలా పెట్టిందో లేదో "అ!" అన్నది. గాడి వెంట నడవనే లేదు.

"అంత తొందరగా ఎట్లా తెలిసిందమ్మా?"

"ఇక్కడ నీ గీత జారింది కదా తాతా! ఈ జారుడు వస్తే 'అ' అన్నట్టే."

కళ్ళు తెరిచి ఆ చోటు నాకు చూపించింది. నిజమే. రెండో వంపు దగ్గర మొన ఒక గింజంత పక్కకు పోయింది. గరుకుకాగితం వేసి సరిచేద్దామని పక్కన పెట్టి మరిచిపోయిన చెక్క అది. లేజరు పలకలో అటువంటి ఆనవాలు ఉండదు. అది గొప్ప అని నేను అనను, తప్పు తప్పే. కాని చీకట్లో బిందె మెడ తడిమి "ఇదే మనది" అన్న గొంతు ఆ క్షణాన నాకు వినబడింది.

ఆ జారుడును నేనిక సరిచేయలేదు.

ఇంకా 'థ' నుంచి 'క్ష' దాకా, ఆ పైన బండి ఱ కూడా మిగిలి ఉన్నవి. దసరా సెలవులకు పిల్ల మళ్ళీ వస్తుంది. ఈలోగా ముగించాలి. మీలో ఎవరైనా రోటరీ కొనే ఆలోచనలో ఉంటే, పెట్టె మీది అంకెలు చదవడానికి ముందు మీరు చేయదలచిన పనిని ఒక కాగితం మీద రాసుకొని అంగడికి పోండి. వీలైతే మీ చేతిని ఎరిగిన ఒక ఆచారి గారిని కూడా వెంట తీసుకుపోండి. మరొక విన్నపం. తిరిగే మొనకూ, నిలిచిన చెక్కకూ సరిపడే మంచి తెలుగు పేరు ఎవరికైనా తడితే దయచేసి తెలియజేయండి. ఆచారి గారి చేత ఒప్పించే పూచీ నాది.